చెరువు నడుమ గుడిసె

జి.పి.ఎస్. యంత్రం మీద బాణం నీళ్ళలోకి చూపిస్తున్నది.

ఇన్‌స్పెక్టర్ హబీబుద్దీన్ రేగుకుంట కట్ట మీద నిలబడి దాన్ని ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. అరచేతిలో ఇమిడే పసుపుపచ్చ డబ్బా అది. ఎటు తిప్పినా బాణం మాత్రం కుంట నడుమను వదలనని మొండికేసింది. ఇంకా డెబ్బై మీటర్లు ముందుకు నడవమంటున్నది. నడవడానికి ఆయనకు అభ్యంతరం లేదు గానీ, 2003 అక్టోబరు నెలలో ఆ అడవంచు కుంట నిండి అలుగు పోస్తున్నది.

"పాషా, నడుమల లోతెంత ఉంటది?"

డ్రైవర్ కానిస్టేబుల్ పాషా బీర్పూర్ చుట్టుపక్కల ఏళ్ళ తరబడి జీపు తోలినవాడు. "రెండు నిలువులుంటది సాబ్. పోయినేడు గిందులనే ఓ బర్రె మునిగి సచ్చింది."

"అయితే లక్ష్మీరాజం గాడ నిలవడి బటన్ నొక్కిండన్నట్టు."

పాషా నవ్వబోయి మానేశాడు. లక్ష్మీరాజం శవాన్ని ఆస్పత్రికి మోసుకుపోయింది అతని జీపే.

ఫారెస్టరు లక్ష్మీరాజం చనిపోయి నాలుగు రోజులైంది. ఈ కుంటకు వచ్చే బండ్లబాటలో, ఛాతీలో రెండు గుండ్లతో, పక్కన ఎర్ర సిరాతో రాసిన పోస్టరుతో దొరికాడు. పోలీసు ఇన్ఫార్మరని నక్సలైటు అన్నలు చంపారంటూ జగిత్యాల సర్కిల్ ఇన్‌స్పెక్టర్ గోవర్ధన్ ఆ పూటే తేల్చేశాడు. అన్నలకు కబురు పంపినవాడు ఈ కుంట పక్క గుడిసెలో ఉండే పరశురాములని మరునాటికల్లా తేల్చేశాడు. అంత తొందరగా తేలే కేసులంటే హబీబుద్దీన్‌కు ఒళ్ళుమంట. ఆ మంట వల్లనే సి.ఐ.డి.లో పై అధికారులు ఆయనను ఎక్కడికీ ఇష్టంగా పంపరు. అటవీ ఉద్యోగుల సంఘం సమ్మె చేస్తామని కూర్చుంటే, కోరుట్లలో పుట్టినవాడు, అక్కడి భాష వచ్చినవాడు అనే సాకుతో ఈసారి పంపక తప్పలేదు.

లక్ష్మీరాజం చేస్తున్న పని పటం దిద్దడం. ఏడాది కింద అటవీశాఖ పాత పటాలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించింది. ఎక్కించాక చూస్తే వాగు ఒకచోట ఉంటే పటంలో వాగు ఇంకోచోట ఉంది. ఏ చేను అడవిలో ఉంది, ఏ టేకు చెట్టు ఎవరి పట్టాలో ఉంది అని రోజూ తగవులే. అడవి హద్దు మీద ఉన్న రాళ్ళ కుప్పల దగ్గరికి ఒక్కొక్కదానికీ నడిచిపోయి, బటన్ నొక్కి ఈ యంత్రంలో ఆ చోటును గుర్తుగా పెట్టుకొని, ఆఫీసుకు వచ్చి కంప్యూటర్‌లో సరిచేయించడం అతని డ్యూటీ. సిరిసిల్లలో మగ్గాల ఇంట్లో పుట్టినవాడు. పోగు తెగితే మగ్గం ఆపి అతికేదాకా లేవని ఇల్లు. అడవిలో కూడా అతను అట్లాగే నడిచాడని తోటి గార్డులు చెప్పారు, కొంచెం విసుగుతోనే చెప్పారు.

అతని యంత్రంలో చిట్టచివరి గుర్తు పేరు 'పరశురాములు గుడిసె'. గోవర్ధన్ కేసు మొత్తం ఆ ఒక్క గుర్తు మీద నిలబడి ఉంది. ఆ సాయంత్రం లక్ష్మీరాజం గుడిసెకు వచ్చి బటన్ నొక్కాడట. పరశురాములు మాటల్లో పెట్టి ఆపాడట. ఈలోగా దళం వచ్చి పట్టుకుపోయిందట. అడవి భూమి దున్నావని లక్ష్మీరాజం పెట్టిన కేసుకు ఇది పగ అట.

హబీబుద్దీన్ వెనక్కి తిరిగి చూశాడు. గుడిసె ఆయన వెనకాల, పడమటి దిక్కున, చేను గట్టు మీద ఉంది. గుర్తు మాత్రం నీళ్ళలో ఉంది.

"మిషన్ ఖరాబై ఉంటది సాబ్," అన్నాడు పాషా.

"సూద్దాం పా."

లక్ష్మీరాజం పెట్టిన పాత గుర్తుల్లో ఒక హద్దు రాళ్ళ కుప్పను ఎంచుకొని, తల పైకెత్తకుండా బాణం చూపించిన దిక్కే నడిచాడు. మోదుగు పొదలు గీరుకున్నాయి. సున్నం పూసిన రాళ్ళు మోకాలికి తగిలేదాకా తీసుకుపోయి యంత్రం ఆగింది. ఇంకో కుప్ప దగ్గరికి పోయాడు. అక్కడా అంతే. యంత్రానికి ఏ రోగమూ లేదు. ఆ చివరి గుర్తుకే ఉంది రోగం.

గుడిసె గుమ్మం ముందు నిలబడి తన పేరుతో కొత్త గుర్తు ఒకటి పెట్టాడు. రెండు గుర్తుల అంకెలూ పక్కపక్కన చూశాడు. ఉత్తర దక్షిణాల లెక్కలో పెద్ద తేడా లేదు. తూర్పుకు మాత్రం అసలు గుడిసె నుంచి నూటయాభై మీటర్లు జరిగింది. ఇంకొకటి కూడా కంటబడింది. ఆయన ఇప్పుడు పెట్టిన గుర్తు కింద సముద్రమట్టం నుంచి ఎంత ఎత్తో యంత్రమే రాసుకుంది. లక్ష్మీరాజం పెట్టిన గుర్తులన్నింటి కిందా ఆ ఎత్తు ఉంది. 'పరశురాములు గుడిసె' కింద ఆ గడి ఖాళీగా ఉంది.

వాకిట్లో పరశురాములు తల్లి శంకరవ్వ గోడకు ఆనుకొని కూర్చుంది. పొయ్యి మీద ఏమీ లేదు. కొడుకును పట్టుకుపోయిన దగ్గర్నుంచి పొయ్యి రాజేసినట్టు కూడా లేదు. హబీబుద్దీన్ ఆమె ఎదుట గొంతుక్కూర్చున్నాడు.

"అవ్వా, గా దినం పొద్దుమూకంగ లక్ష్మీరాజం మీ ఇంటికి అచ్చిండా?"

"రాలే సారూ. అంతకుముందు ఐతారం అచ్చిండు. పొద్దుగాల."

"ఎందుకచ్చిండు? కేసు ఉన్నదని బెదిరియ్యనీకెనా?"

"బెదిరిచ్చుడు ఏడిది? సల్ల తాగిండు. అవ్వా, నీ చేను అడవిల లేదే, మా పటమే తప్పున్నది, నీ కొడుకు మీది కేసు నేనే తీపిస్త అన్నడు. నా కొడుకు కాళ్ళు మొక్కవోతే ఎన్కకు జరిగిండు. గసువంటోన్ని నా కొడుకెందుకు సంపిపిస్తడు? ఆయన బతికుంటెనే గద మా చేను మాకు దక్కేది."

"అన్నలు మీ ఇంట్ల అన్నం తిన్నరా లేదా? అబద్ధమాడకు."

శంకరవ్వ తల ఎత్తి సూటిగా చూసింది. "తిన్నరు. తుపాకి వట్టుకొని వాకిట్ల నిలవడ్డోన్ని కాదంటనా? పోలీసోళ్ళు అచ్చిన్రు, ఆళ్ళకు కోడిని గోసి పెట్టిన. ఆళ్ళది గూడ రాసుకో."

హబీబుద్దీన్ రాసుకోలేదు. లేవబోయాడు. ముసలామె ఆయన చెయ్యి పట్టుకుంది.

"ఒక్కటి జెప్పు సారూ, నీ బాంచెన్. నా కొడుకును కోర్టుల వెడుతరా, డంపు జూపియ్యమని తోల్కపోతరా?"

డంపు అంటే అన్నలు అడవిలో పాతిపెట్టిన తుపాకులు. చూపిద్దువు పద అని ఎక్కించుకుపోయిన మనిషి తిరిగి జీపు దిగినట్టు ఆ ఏళ్ళలో ఎవరూ వినలేదు. తెల్లవారి పేపర్లో ఎదురుకాల్పులని నాలుగు వరుసలు వస్తాయి, ఎవరూ రెండోసారి చదవరు. ఆ ఉదయమే హబీబుద్దీన్ పరశురాములును స్టేషన్ వెనక గదిలో చూశాడు. మణికట్లు వాచి ఉన్నాయి. అరెస్టు ఏ పుస్తకంలోనూ రాయలేదు. అరెస్టే లేని మనిషికి ఏం జరిగినా జవాబు చెప్పేవాడుండడు. అటు నుంచి అటే మేజిస్ట్రేటు ఇంటికి పోయి, ఆ మనిషిని నాలుగు గంటలకు తన ముందు నిలబెట్టాలని ఉత్తర్వు రాయించుకొని వచ్చాడు. కాగితం ఆయన జేబులోనే ఉంది.

"కోర్టుల నిలవెడుత అవ్వా. నేను నిలవెడుత," అన్నాడు. అనేశాక గానీ, ఎంత పెద్ద మాట నోరు జారిందో ఆయనకు తెలియలేదు.

*

జగిత్యాల ఫారెస్టు ఆఫీసు వెనక గదిలో కంప్యూటర్ ముందు నూరున్నీసా కూర్చుని ఉంది. పటాలను కంప్యూటర్‌లోకి ఎక్కించే ఆపరేటరు. మిగతా సిబ్బంది సంతాపసభ అని కలెక్టరాఫీసుకు పోయారు. సభలో తాను ఏడుపు ఆపుకోలేనని ఆమె పోలేదు.

"బేటీ, గీ అంకెలు నీ పటంల ఎక్కడ పడుతయో సూపియ్యి." హబీబుద్దీన్ యంత్రాన్ని ఆమె ముందు పెట్టాడు.

"ఏ పటంల సార్? పాతదాంట్లనా, రాజం సార్ దిద్దినదాంట్లనా?"

"రెండింట్ల."

ముందు పాత పటం తెరిచింది. ఎర్రచుక్క తెర మీద సరిగ్గా ఒక చిన్న నల్లగడి మీద పడింది. అది పరశురాములు గుడిసె, వాళ్ళ తాతల నాటి నుంచీ పటంలో ఉన్నదే. తర్వాత దిద్దిన పటం తెరిచింది. చుక్క నీలిరంగులో, రేగుకుంట నడుమ పడింది. నూరున్నీసా చెయ్యి మౌస్ మీద ఆగిపోయింది.

"గిట్లెందుకయింది?"

"మాకు మూలం తెల్లోళ్ళ కాలపు షీటు సార్. గా షీటు భూమిని ఒక లెక్కల గీసింది. గీ మిషన్ ఇంకో లెక్కల సూస్తది. రెండు లెక్కలు కలుపకుండ ఒకదాని మీద ఒకటి ఏసినం. తప్పు నాదే, ఎక్కిచ్చింది నేను. అడవంత నూటయాభై మీటర్లు పక్కకు జరిగింది. గందుకే మిషన్ తోటి కొలిచిన చేన్లు అడవిల పడ్డయి. రాజం సార్ నన్నొక్క మాట అనలే. నడిచి దిద్దుకుందాం తీ బిడ్డా అన్నడు."

"అయితే గీ గుర్తు గుడిసె కాడ నిలవడి నొక్కింది కాదు."

"కాదు సార్. నిలవడి నొక్కితే ఎత్తు గూడ మిషనే రాసుకుంటది. గీడ ఎత్తు లేదు. పాత పటం మీద గుడిసెను సూసి, అంచుల మీది అంకెలు సదివి, ఎవ్వలో చేత్తోటి కొట్టిన్రు."

హబీబుద్దీన్ లెక్క వేసుకున్నాడు. లక్ష్మీరాజం ఆ పని చేయడు. పాత పటం తప్పని కనిపెట్టిందే అతను. కాబట్టి కొట్టినవాడు పాత పటాన్ని నమ్మినవాడు, గుడిసె దాకా నడిచే ఓపిక లేనివాడు.

"పాత పటం కాపీలు ఎవలెవల కాడ ఉన్నయి?"

"అన్నీ వాపసు తెప్పిచ్చి రాజం సారే చింపేసిండు. ఒక్కటే రాలే. కూంబింగుకని పోలీసోళ్ళు తీసుకపోయింది. సి.ఐ. సార్ రూంల గోడకున్నదట." ఆమె మౌస్ వదిలేసింది. "రాజం సార్ దాని కోసమే స్టేషన్‌కు పోయిండు. సచ్చిపోయిన దినమే."

హబీబుద్దీన్ కుర్చీ ముందుకు లాక్కున్నాడు. "సక్కగ జెప్పు. ఎందుకు పోయిండు?"

"అడవిల ఎదురుకాల్పులు జరిగితే, గది ఏ బ్లాకుల జరిగిందో రాసియ్యమని పోలీసోళ్ళు మాకు అంకెలు పంపుతరు. గీ ఏడు మూడుసార్లు పంపిన్రు. దిద్దిన పటంల గా మూడు చోట్లు పెట్టి సూసిండు రాజం సార్. ఒకటి నిట్టనిలువు గుట్ట అంచున పడ్డది. కోతి గూడ నిలవడలేదు గాడ. ఇంకోటి వాగు నడుమ. పాత పటంల పెడితే మూడు గూడ సక్కగ బాట పక్కపొంటి పడుతున్నయి."

అంటే కాల్పులు జరిగిన చోటికి ఎవరూ పోలేదు. గోడ మీద పటం చూసి ఒక చోటు ఎంచుకున్నారు, అంకెలు రాసుకున్నారు. ఆ మూడుసార్లూ చనిపోయినవాళ్ళు అసలు ఎక్కడ, ఎట్లా చనిపోయారన్నదానికి ఆ అంకెలతో సంబంధం లేదు.

"గీ మాట సి.ఐ. మొకం మీద అన్నడా రాజం?"

"ఆయనకు గంత తెలివి ఎక్కడిది సార్!" నూరున్నీసాకు ఏడుపు తన్నుకొచ్చింది. "సార్, మీ కాగితాలల్ల అంకెలు తప్పున్నయి, పాత పటం నాకియ్యుండ్రి, దిద్ది పంపిస్త అని పోయిండు. ఆళ్ళకు మేలు జేస్తున్న అనుకున్నడు. నేను వద్దనలే. నాకు గూడ తట్టలే."

ఎవరి తప్పు ఎవరికి చెప్పాలి? తప్పు దిద్దడమే పని అనుకున్న ఒక మనిషి, దిద్దితే మనుషులు సంతోషిస్తారనుకొని హంతకుడి గదిలోకి తనంతట తానే నడిచిపోయాడు. హబీబుద్దీన్‌కు ఆ చచ్చిపోయినవాడి మీద ప్రేమా కోపమూ కలిసి వచ్చాయి.

టక్కున ఫ్యాను ఆగింది. కరెంటు పోయింది. కంప్యూటర్ కింద బ్యాటరీ కీచుమంటుంటే నూరున్నీసా గబగబా పటాలు మూసేసింది.

"రెండు పటాలు, గా మూడు చోట్లు, అన్నీ ఒక సి.డి. మీద ఎక్కియ్యాలె బేటీ. కరెంటు ఎప్పుడస్తది?"

"గంటల అస్తది సార్."

"రాంగనే ఎక్కియ్యి. అప్పటిదాక కుర్చీ లేవకు. తలుపు గడియ వెట్టుకో. నేనొచ్చి పిలిస్తెనే తియ్యి."

ఆమె తలూపింది. బయట జీపులో పాషా వైర్‌లెస్ సెట్‌కు చెవి ఆనించి కూర్చున్నాడు. హబీబుద్దీన్‌ను చూసి దిగాడు.

"సాబ్, పరశురాములును జీపెక్కిచ్చిన్రట. స్టేషన్ కాడి నుంచి బయలెల్లి శానసేపైందట."

*

స్టేషన్ వెనక గదిలో ఎవరూ లేరు. నేల అప్పుడే కడిగారు, తడి ఆరలేదు. హబీబుద్దీన్ నేరుగా సర్కిల్ ఇన్‌స్పెక్టర్ గదిలోకి పోయాడు.

గోవర్ధన్ చాయ్ తాగుతున్నాడు. గొంతు ఎప్పుడూ పెంచని మనిషి. సిరిసిల్లలో ఎస్.ఐ.గా ఉన్నప్పుడే రెండు పతకాలు తెచ్చుకున్నాడు. రెండూ అద్దం పటం కట్టించి బల్ల వెనక వేలాడదీశాడు. వాటి పక్కన గోడంత పొడుగున అడవి పటం ఉంది. బల్ల మీద వైర్‌లెస్ సెట్ గురగురమంటున్నది.

"పరశురాములేడి?"

"ఏ పరశురాములు? కూసోండ్రి హబీబ్ భాయ్. చాయ్ జెప్పాల్నా?"

"పొద్దుగాల వెనక రూంల నేను సూసిన మనిషి. నాలుగింటికి కోర్టుల నిలవెట్టాలె." హబీబుద్దీన్ మేజిస్ట్రేటు ఉత్తర్వు బల్ల మీద పెట్టాడు.

గోవర్ధన్ దాన్ని చదవకుండానే చాయ్ సాసరు కింద పెట్టుకున్నాడు. "నా కాడ అరెస్టు లేదు. లేని మనిషిని ఎట్ల తెస్త? మీరే ఎటన్నా పొరపాటు వడ్డరేమో."

"గోవర్ధన్, లక్ష్మీరాజం మిషన్ల చివరి గుర్తు చెరువు నడుమ ఉన్నది."

"మిషన్లకు తప్పులు వడుతయి."

"హద్దురాళ్ళ కాడ పడలే. నీ కేసు కాడనే పడ్డది. లక్ష్మీరాజం సావంగనే గా మిషన్ ఎవల చేతులకచ్చింది? నీ బీరువాలకు. మూడు దినాలు నీ బీరువాలనే ఉన్నది."

గోవర్ధన్ చాయ్ కప్పు కింద పెట్టాడు. "మీరు రేపు హైద్రాబాద్ పోతరు. నేను గీ అడవులల్ల తిరగాలె. పోయినేడు నా ఎస్.ఐ.ని మందుపాతర వెట్టి లేపిన్రు. ఆయన ముక్కలు నా చేతులతోటి గోనెసంచిల ఏరిన. ఆయన పెండ్లాంకు ఏ ముక్క సూపియ్యాల్నో నాకు తెలువలే. గప్పుడు ఒక్క సి.ఐ.డి. రాలే."

ఆ మాట నిజమే. హబీబుద్దీన్‌కు ఒక్క క్షణం జాలి వేసింది, ఆ జాలిని గట్టిగా పక్కకు నెట్టేశాడు.

"గా ఎస్.ఐ. సావుల లక్ష్మీరాజం పాపం ఏమున్నది? తప్పు దిద్దుత అన్నడు, గంతే గద!"

ఆయన లేచి గోడ పటం దగ్గరికి పోయాడు. రేగుకుంట పక్కన నల్లగడి వెతికాడు. ఎక్కువ వెతకనక్కర లేకపోయింది. గడి నుంచి పటం కింది అంచు దాకా ఒకటి, పక్క అంచు దాకా ఒకటి, స్కేలు పెట్టి గీసిన రెండు సన్నటి పెన్సిలు గీతలు ఉన్నాయి. చెరపాలన్న ఆలోచన కూడా ఎవరికీ రాలేదు.

"గీ గీతలు ఎవ్వలు గీసిన్రు?"

గోవర్ధన్ సాసరును ఉత్తర్వు మీద సర్దుకున్నాడు.

"పాత పటం కాగితం మీద లోకంల ఒక్కటే మిగిలింది, గది నీ గోడకున్నది. గుర్తు చేత్తోటి కొట్టిందని, ఏ పటం సూసి కొట్టిన్రో గూడ ఆఫీసుల సూపిచ్చుకొనే అచ్చిన. నీ మూడు ఎదురుకాల్పులు గూడ సూసినం. కోతి నిలవడని గుట్ట మీద నిలవడి కాల్చుకున్నరా మీరు?"

గోవర్ధన్ నోరు తెరిచేలోపే వైర్‌లెస్ మాట్లాడింది.

"జగిత్యాల, జగిత్యాల. జీపు పార్టీ మాట్లాడుతున్న సార్. మీరిచ్చిన నంబర్లు మిషన్ల ఏసుకొని గాడికి అచ్చినం. గీడ గుడిసె లేదు సార్, చెరువున్నది. మనిషి మా తోటే ఉన్నడు. పని ఎక్కడ జెయ్యమంటరు?"

గోవర్ధన్ చెయ్యి మైకు మీదికి పోయింది. బల్లకు ఇవతలి నుంచి హబీబుద్దీన్ ఒక్క ఊపున దాన్ని లాక్కున్నాడు. చాయ్ కప్పు పడి పగిలింది. గోవర్ధన్ అరచెయ్యి నడుముకున్న రివాల్వర్ మీద వాలింది. తీస్తాడా లేదా అని చూస్తూ కూర్చునే తీరిక హబీబుద్దీన్‌కు లేదు.

"అన్ని స్టేషన్లకు! నేను సి.ఐ.డి. ఇన్‌స్పెక్టర్ హబీబుద్దీన్. జగిత్యాల సి.ఐ. రూంల నుంచి మాట్లాడుతున్న. బీర్పూర్ శంకరవ్వ కొడుకు పరశురాములు గీ ఘడియల పానంతోటి ఉన్నడు. జగిత్యాల పోలీసు జీపుల ఉన్నడు. ఆయనను కోర్టుల నిలవెట్టమని మేజిస్ట్రేటు ఉత్తర్వున్నది. టైము సూసుకొని, మీ లాగ్‌బుక్కులల్ల రాసుకోండ్రి. రాసుకున్నోళ్ళు జవాబియ్యుండ్రి."

సెట్ గురగురమంది. అంతకు మించి ఏమీ లేదు. ఎక్కడెక్కడి పోలీసులు ఆ మాట విని ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటున్నారో, గోవర్ధన్‌తో వైరం ఎందుకని ఎవరెవరు చెవులు మూసుకున్నారో! హబీబుద్దీన్ మైకు పట్టుకొని నిలబడ్డాడు.

"కోరుట్ల," అంది ఒక ముసలి గొంతు. "రాసుకున్నం సార్."

ఇంకాసేపటికి, "ధర్మపురి. రాసుకున్నం."

"సిరిసిల్ల. రాసుకున్నం సార్. పేరు మల్లోసారి జెప్పున్రి."

హబీబుద్దీన్ పరశురాములు పేరు మళ్ళీ చెప్పాడు. ఆ తర్వాత చాలాసేపటికి జీపులోని పోలీసు పార్టీ పెద్ద, మాట మారిపోయి, అన్నాడు: "జగిత్యాల, మనిషిని వాపసు తెస్తున్నం సార్. సీదా కోర్టుకే."

హబీబుద్దీన్ మైకు బల్ల మీద పెట్టాడు. గోవర్ధన్ రివాల్వర్ మీది నుంచి చెయ్యి తీసేసి, పగిలిన కప్పు ముక్కలను బూటుతో పక్కకు జరుపుతున్నాడు. ఓడిపోయిన మనిషి మొహం కాదది. ఆ నెమ్మది చూస్తే హబీబుద్దీన్‌కు ఎక్కడో ఏదో తప్పిందనిపించింది.

"బాగున్నది హబీబ్ భాయ్. ఒక్క పరశురాములే గద, బతకనియ్యి. గోడ మీది పటం చింపుకుంటే నాకు పోయేది లేదు. పెన్సిల్ గీతలకు సాక్ష్యం మీరొక్కరే." అతను తల ఎత్తాడు. "పాత పటం ఒక్కటే మిగిలిందని మీకు ఎవ్వలు జెప్పిన్రు? ఆఫీసుల సూపిచ్చుకొనే అచ్చిన అన్నరు. ఇయ్యాల ఆఫీసోళ్ళందరు సంతాపసభకు పోయిన్రు గద. గా కంప్యూటర్ పిల్ల ఒక్కతే ఉన్నట్టున్నది."

హబీబుద్దీన్ తలుపు వైపు తిరిగాడు.

"మీ జీపు గా ఆఫీసు ముంగట ఆగిందని నాకు మీకంటె ముందే తెలిసింది. గీ నడుమ అన్నలు సర్కారు ఆఫీసులు తగులవెడుతున్నరు భాయ్. కంప్యూటర్లంటే ఆళ్ళకు మరీ కోపం. జర పైలం జెప్పుండ్రి గా పిల్లకు."

హబీబుద్దీన్ వరండాలోకి ఉరికాడు. మెట్లు దిగుతూ "పాషా, జీపు తియ్!" అని అరిచాడు. పాషా జీపు పక్కనే నిలబడి ఉన్నాడు, కానీ ఇటు చూడడం లేదు. ఇంజను అప్పటికే నడుస్తున్నది. అతను ఫారెస్టు ఆఫీసు ఉన్న దిక్కుకు చూస్తున్నాడు. అక్కడ ఇళ్ళ కప్పుల మీదుగా నల్లటి పొగ లావుగా లేస్తున్నది.

తలుపు గడియ పెట్టుకొని లోపలే ఉండమని నూరున్నీసాకు చెప్పింది హబీబుద్దీనే. తాను వచ్చి పిలిస్తే తప్ప ఆమె తీయదు.